నాన్నగారి మోకాలికి సరిపడే సెకండ్ హ్యాండ్ కారు

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. టీచరుగా రిటైరై అమ్మతో నరసన్నపేటలో ఉంటున్నారు. పాతికేళ్లుగా కారు నడుపుతున్నారు. ఇప్పుడున్న పాత ఆల్టో ఇక మరమ్మతులకి లొంగే స్థితిలో లేదు. ఆయనకి ఎడమ మోకాలు అరిగింది, క్లచ్ తొక్కితే నొప్పి. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉందని డాక్టరు చెప్పారు. శ్రీకాకుళం ఆసుపత్రికి, ఆదివారాలు అరసవల్లికి, పొలం దాకా, రెండు మూడు నెలలకోసారి విజయనగరంలో మా అక్క ఇంటికి. ఆయన తిరుగుడు ఇంతే. ఐదు లక్షల లోపు పెట్టగలం. మా బావగారు 2014 మోడల్ డీజిల్ సెడాన్ ఒకటి చూసి, షోరూం కండిషన్‌లో ఉంది, వదలొద్దు అంటున్నారు. శ్రీకాకుళంలో పాత కార్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీ దగ్గర 2019 వ్యాగన్ ఆర్ ఆటోమేటిక్ ఉందట. నేను బెంగళూరులో ఉంటాను, రెండు రోజుల సెలవులో వచ్చి తేల్చుకోవాలి. ఏది తీసుకోమంటారు? ఏమేం చూసుకోవాలి?

సమాధానం: డీజిల్ సెడాన్ వద్దమ్మా. వ్యాగన్ ఆర్ మీ నాన్నగారికి నప్పే రకమే. కానీ ఆ కన్సల్టెన్సీలో ఉన్న ఆ ఒక్క బండి మంచిదో కాదో చూసాకే చెప్పాలి. అది బాగోకపోతే అలాంటిదే ఇంకొకటి దొరికేదాకా ఆగండి. సెలవు అయిపోతోందని మాత్రం కొనకండి.

సెడాన్ ఎందుకు వద్దంటున్నామో ముందు చెప్తాం, మీ బావగారికి జవాబు చెప్పడానికి మీకూ పనికొస్తుంది. మీ నాన్నగారు ఎక్కువగా తిరిగేది పాతిక కిలోమీటర్ల లోపే. డీజిల్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, ఊపిరి పీల్చుకుని నడవాలంటే రోజూ దూరం తిరగాలి. చిన్న చిన్న దూరాలకే వాడితే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది, పికప్ పడిపోతుంది. పదేళ్లు దాటిన డీజిల్‌లో ఇంజెక్టర్లో టర్బోనో చెయ్యి ఇస్తే ఆ ఒక్క బిల్లుతోనే, పెట్రోలు కంటే డీజిల్‌లో మిగిల్చామనుకున్న డబ్బంతా పోతుంది. పోనీ పొగ మీద కొత్త నిబంధన, బీఎస్6 ప్రకారం వచ్చిన డీజిల్ చూద్దామంటే దానిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనని తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. నరసన్నపేట బజారుకీ పొలానికీ తిరిగే బండికి ఆ అవకాశం రాదు. ఎటు చూసినా మీకు పెట్రోలే. ఇక 2014 బండి ఆర్సీ 2029లో ముగుస్తుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యూవల్. పైగా డీజిల్ బళ్లలో క్లచ్ సాధారణంగా బరువు. ఆయన బాధే క్లచ్‌తో కదా. సెడాన్ సీటు కిందకి ఉంటుంది. అందులోకి కూర్చోవడం అంటే మోకాలి మీద దిగబడటం, లేవడం అంటే చేత్తో డోరు పట్టుకుని పైకి లాక్కోవడం.

అందుకే ఇంజిన్ కంటే ముందు సీటు చూడండి. ఇంట్లో మీ నాన్నగారు చెయ్యి ఆనకుండా సులువుగా లేచే కుర్చీ ఏదో చూసి, నేల నుంచి ఆ సీటు ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకోండి. బండి దగ్గరికి వెళ్లాక నేల నుంచి డ్రైవర్ సీటు అంచు దాకా అదే టేపుతో కొలవండి. కుర్చీ కంటే నాలుగైదు అంగుళాలు ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఆ తర్వాత ఆయన్నే ఐదుసార్లు వరసగా ఎక్కి దిగమనండి. మొదటిసారి అందరికీ బాగానే ఉంటుంది, నాలుగోసారికి అసలు సంగతి తెలుస్తుంది. దిగేటప్పుడు రెండు కాళ్లూ బయటికి పెట్టి కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. డోరు కింద గుమ్మం ఎత్తుగా ఉంటే అరిగిన మోకాలిని దానిమీంచి ఎత్తడం కష్టం, అదీ గమనించండి. అమ్మగారిని పక్క సీట్లో ఎక్కించి చూడటం మరిచిపోవద్దు. ఆవిడ చీర కుచ్చిళ్లు గుమ్మానికి తగులుకోకుండా దిగగలగాలి.

కూర్చున్నాక ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అంత జాగా కావాలి. అంతలోనే బ్రేక్ పెడల్ పూర్తిగా తొక్కగలగాలి. తల వెనక దిండు చెవుల పైఅంచు దాకా రావాలి. వయసు మీద పడ్డాక మెడ వెనక్కి తిరగడం తగ్గుతుంది కాబట్టి అద్దాలు పెద్దవిగా, వెనక అద్దం విశాలంగా ఉన్న బండి కావాలి. లోపలి నుంచి మీటతోనో బటన్‌తోనో తిప్పుకునే సైడ్ అద్దాలు విలాసం కాదు, ఆయనకి అవసరం. ఈ లెక్కల్లో నిటారుగా నిలబడ్డ వ్యాగన్ ఆర్‌కి మంచి మార్కులే పడతాయి. దాని ఎత్తు 1,675 మి.మీ., తల వంచకుండా ఎక్కొచ్చు.

ఇప్పుడు గేర్ల సంగతి. ఆటోమేటిక్ అని అమ్మేవాటిలో చవకగా, ఎక్కువగా దొరికేది ఏఎంటీ. మారుతి వాళ్లు దీన్నే ఏజీఎస్ అంటారు. దాని లోపలున్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. కాలికి బదులు ఒక హైడ్రాలిక్ పరికరం క్లచ్ నొక్కి, గేరు మారుస్తుంది. దీనివల్ల లాభం, మన మేస్త్రీలకి తెలిసిన సరంజామానే. నష్టం ఏమిటంటే గేరు మారేటప్పుడు చిన్న తూగు వస్తుంది, ఎత్తు మీద వాడే తీరు తెలియకపోతే క్లచ్ త్వరగా అరిగిపోతుంది. ఎత్తులో బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టేవాళ్లు చాలామంది. అలా చేస్తే లోపల క్లచ్ సగం పట్టి జారుతూ కాలుతుంది. పాత యజమాని అలవాటు అదే అయితే 40 వేల కిలోమీటర్లకే ప్లేటు అయిపోవచ్చు. ఇంకో సంగతి, ఏఎంటీలో క్లచ్ మార్చాక కంప్యూటర్‌తో దానికి కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో నేర్పించాలి. ఆ స్కానర్ లేని షెడ్డులో పని చేయిస్తే బండి కుదుపులు పోవు. అందుకే ఏఎంటీ కొనేవాళ్లకి దగ్గర్లో కంపెనీ వర్క్‌షాపు ఉండటం ముఖ్యం.

సీవీటీ, టార్క్ కన్వర్టర్ అని మరో రెండు రకాలున్నాయి. వీటిలో తూగు ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హాయి. 2015 తర్వాతి హోండా జాజ్ పెట్రోల్ సీవీటీ, పాత గ్రాండ్ ఐ10లో వచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ మంచి బళ్లే. సీవీటీ ఆయిల్ ఏ కిలోమీటర్‌కి మార్చారో బిల్లు చూపించగలిగితేనే కొనండి. ఆ ఆయిల్ వేళకి మార్చకపోతే లోపలి బెల్టు జారి, కదిలేటప్పుడు వణుకు మొదలవుతుంది. గేర్‌బాక్స్ మార్చాల్సి వస్తే మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క దానికే పోతుంది. కొన్ని జర్మన్ కార్లలో వచ్చిన డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) బళ్లు చవకగా కనబడతాయి, వాటి జోలికి వెళ్లకండి.

వ్యాగన్ ఆర్ కాకపోతే టాటా టియాగో ఏఎంటీ, 2018 నుంచి 2022 దాకా వచ్చిన హ్యుందాయ్ శాంత్రో ఏఎంటీ, మారుతి ఇగ్నిస్ ఏఎంటీ చూడొచ్చు. ఒక నిజం దాచకుండా చెప్పాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూసిన పరీక్షలో టియాగోకి ఐదుకి నాలుగు స్టార్లు వచ్చాయి, 2019 వ్యాగన్ ఆర్‌కి రెండే. టియాగో గట్టిది. దాని సీటు కొంచెం కిందకి ఉంటుంది. మీ నాన్నగారు టియాగోలోకి ఐదుసార్లు ఎక్కి దిగి ఏమీ అనకపోతే మేమైతే టియాగో వైపు మొగ్గుతాం. ఏడాదికి రెండుసార్లయినా ఫోర్డ్, షెవ్రొలే, డాట్సన్ బళ్లు మరీ చవకగా వస్తున్నాయి, తీసుకోమంటారా అని అడిగేవాళ్లుంటారు. షెవ్రొలే 2017తో, డాట్సన్ 2022తో మన దేశంలో అమ్మకాలు ఆపేశాయి, ఫోర్డ్ 2021లో ఇక్కడ అమ్మే కార్ల తయారీ ఆపేసింది. పెద్దవాళ్లకి విడిభాగం కోసం నెల రోజులు ఎదురుచూసే బండి ఇవ్వకూడదు. సీఎన్‌జీ కూడా వద్దు. డిక్కీలో సిలిండరు ఉంటే సంచులు, చేతికర్ర ఎక్కడ పెడతారు? ఆ వ్యాగన్ ఆర్‌కి బయట ఎవరైనా సీఎన్‌జీ కిట్ బిగించి తీసేసిన గుర్తులుంటే వెనక్కి తిరిగి రండి. కంపెనీ ఇచ్చిన సీఎన్‌జీ వ్యాగన్ ఆర్ మాన్యువల్ గేర్లతోనే వచ్చింది.

ఏ బండైనా తయారీ తేదీ చూడండి. 2019 జూలై 1 నుంచి అమ్మే ప్రతి కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు అదే ఏడాది ఏప్రిల్ నుంచి. పక్క సీటుకీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2021 చివర్లో. అమ్మగారు కూర్చునేది ఆ పక్క సీట్లోనే కాబట్టి 2022 బండి దొరికితే కొంచెం ఎక్కువ కిలోమీటర్లు తిరిగిందైనా సరే దానికే ఓటు వెయ్యండి. కన్సల్టెన్సీ వాళ్లు 2019 మోడల్ అంటే రిజిస్ట్రేషన్ సంవత్సరం చెబుతారు, ఆర్సీలో తయారీ నెల విడిగా ఉంటుంది, అది చూడండి. 2020 ఏప్రిల్ తర్వాతి బండి బీఎస్6.

ఇంత దూరం వచ్చే ముందు బెంగళూరులో కూర్చునే సగం పని చెయ్యొచ్చు. బండి నంబరు అడిగి ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. ఎన్నో యజమాని, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, పొల్యూషన్ ఉందా, ఏ బ్యాంకు పేరైనా ఆర్సీలో ఉందా అన్నీ కనబడతాయి. ఈ-చలాన్ సైట్లో జరిమానాలు చూడండి. ఏపీ30 శ్రీకాకుళం, ఏపీ35 విజయనగరం అని పాత నంబర్లతో బండి ఎక్కడిదో తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ39 అయింది కాబట్టి ఆ నంబరు చూసి బండి మన ఊరిదే అని నమ్మకండి, ఆర్సీలో అడ్రసు చూడండి. ఇచ్ఛాపురం దాటి వచ్చే ఒడిశా నంబరు బండి ధరలో తక్కువ కనిపిస్తుంది. అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టింది వాపసు కోసం తిరగాలి. ఆ తిరుగుడు నాన్నగారి మీద పడుతుంది.

రెండోది ఇన్సూరెన్స్ పాలసీ కాపీ వాట్సాప్‌లో అడగండి. దానిలో నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం. 2019లో కొని ఒకే యజమాని దగ్గరున్న బండి పాలసీలో 50 ఉండాల్సిన చోట 20 ఉందంటే, ఈ మధ్యే ఏదో క్లెయిమ్ అయింది. అది బంపర్ గీతకా, లేక ముందు భాగమంతా మార్చారా అని నిలదీసి అడగండి. మూడోది, సర్వీస్ హిస్టరీ. షోరూం ట్రాక్ ఉందంటారు అమ్మేవాళ్లు. ఆ మాట వినడం కాదు, యజమాని చేత కంపెనీ వర్క్‌షాపుకి ఫోన్ చేయించి తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు అన్న జాబితా తెప్పించండి. రీడింగ్ తిప్పడం ఇప్పుడు కష్టమైన పని కాదు. కానీ 2022లో సర్వీసు కాగితంలో 58 వేలు ఉండి ఇప్పుడు మీటరు 46 వేలు చూపిస్తే ఎవరూ దాన్ని కప్పిపుచ్చలేరు.

ఈ మూడూ సవ్యంగా ఉంటేనే టికెట్ చేసుకోండి. చూడటానికి ఉదయం ఆరూ ఏడు గంటలకి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లటి చిక్కటి పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ సిలిండర్‌లోకి పోతోంది, ఆ బండి వదిలెయ్యండి. చలికాలం పొద్దున్న కాసేపు వచ్చే పల్చటి ఆవిరికి భయపడక్కర్లేదు. ఆయిల్ పోసే మూత విప్పి కింద చూడండి, పాలమీగడలా తెల్లటి జిడ్డు ఉండకూడదు. బ్యాటరీ మీద చిన్న మల్టీమీటర్ పెడితే బండి ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.6 వోల్టులు, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. స్టార్ట్ చేశాక తక్కువ చూపితే ఆల్టర్నేటర్ అనుమానం.

బాడీ చూడటానికి ఎండ బాగా వచ్చాక ఒక పక్క నుంచి వంగి చూడాలి. పెయింట్ కొలిచే మీటర్ ఉన్న మేస్త్రీని తీసుకెళ్తే ఇంకా మేలు. కంపెనీ పెయింట్ మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఒక డోరు మీద మూడు వందలు, నాలుగు వందలు చూపిస్తే మళ్లీ పెయింట్ కొట్టారు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. డోరు గీతకి పెయింట్ కొట్టించడం తప్పేమీ కాదు. బానెట్ కీలు బోల్టుల మీద, ముందు రెక్కల బోల్టుల మీద స్పానర్ గుర్తులు, రేడియేటర్ పట్టీ వంకర, డోరు తెరిస్తే స్తంభాల మీద వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే మాత్రం బండి గట్టిగా గుద్దుకుంది. అప్పుడు ధర ఎంత తగ్గించినా వద్దు. అద్దాల మూలల్లో సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్నీ ఒకే సంవత్సరానివై ఒక్క దానిది మాత్రం తేడాగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి.

మన జిల్లాల్లో ఇంకో భయం నీళ్లు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి ఎన్నో కార్లు మునిగాయి, అలాంటివి కడిగించి దూరపు ఊళ్లలో అమ్మడం ఎప్పుడూ జరిగేదే. మునిగిన బండి ఇంజిన్ బాగు చేసినా వైరింగ్ బాగుపడదు. ఆరు నెలల తర్వాత ఏసీ ఫ్యాన్ ఆగుతుంది, ఏడాదికి ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. ముందు సీటు బెల్టుని చివరి దాకా బయటికి లాగండి. లోపలి భాగంలో మట్టి మరక, బురద గీత ఉంటే అది మునిగినదే. సీటు కింద పట్టాల మీద, స్క్రూల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ ఎత్తితే పాత తడి వాసన, హెడ్‌లైటు లోపల గోధుమ రంగు చార కూడా అదే కథ చెబుతాయి. ఏసీ సెంటు ఎక్కువ కొట్టిన బండి దగ్గర ఈ పరీక్షలు రెండింతలు శ్రద్ధగా చెయ్యండి.

భావనపాడు, బారువ, భీమిలి లాంటి తీరం ఊళ్లలో ఆరుబయట పెట్టిన బండికి ఉప్పుగాలి కిందనుంచి తింటుంది. పైకి తళతళ మెరుస్తూ ఉంటుంది. లిఫ్ట్ ఉన్న షెడ్డులో ఎక్కించి బ్రేక్ పైపులు, సైలెన్సర్ జాయింట్లు, డోర్ల కింది అంచులు చూడండి. కొత్తగా నల్లటి అండర్ బాడీ కోటింగ్ కొట్టి ఉంటే దాని కింద ఏముందో స్క్రూడ్రైవర్ వెనక వైపుతో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు మొద్దుగా పలుకుతుంది. టైర్ల గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరు చూడటానికి గుండ్రంగా ఉన్నా రబ్బరు గట్టిపడి వర్షంలో జారుతుంది. నాలుగూ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి. ఐదు వేలు తక్కువ చెప్పి స్టెప్నీ పాతది పెట్టే వాళ్లూ ఉంటారు, దానిదీ చూడండి.

నడిపి చూసేది మీ నాన్నగారే. మీరు పక్కన కూర్చోండి, కన్సల్టెన్సీ అబ్బాయి వెనక. రేడియో ఆపించండి. ఆటోమేటిక్ అలవాటు లేని మనిషి కాబట్టి ముందు ఖాళీ జాగాలో పది నిమిషాలు. డీలో (డ్రైవ్, ముందుకి నడిపే స్థానం) పెట్టి బ్రేక్ వదిలితే వ్యాగన్ ఆర్ మెల్లగా తనే కదలాలి. కదలకుండా కాసేపు ఆగి ఒక్కసారి ఎగిరితే, లేదా వణుకుతూ కదిలితే క్లచ్ దగ్గర పడింది. తర్వాత వంతెన ఎక్కే ఎత్తులో ఆపి మళ్లీ కదిలించండి. కాలిన వాసన రాకూడదు, వెనక్కి జారుతూ తడబడకూడదు. గేరు గుర్తు ఉన్న హెచ్చరిక దీపం ఎక్కడా వెలగకూడదు. హైవే మీద, మడపాం వైపు అయినా సరే, 80లో స్టీరింగ్ చేతిలో వణకకూడదు. సమంగా ఉన్న రోడ్డు మీద చేతులు కొంచెం వదులు చేస్తే బండి ఒక పక్కకి లాక్కుపోకూడదు. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కితే తిన్నగా ఆగాలి. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి గుండ్రంగా, మళ్లీ రెండో వైపు. చక్రం దగ్గర కటకటలాడితే యాక్సిల్ జాయింట్ అయిపోయింది. గతుకుల మీద వెళ్తుంటే లొటలొట శబ్దం వస్తే బుష్‌లు, లింక్ రాడ్లు. అవి చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తాయి. ఏసీ పెట్టి పది నిమిషాలు ఆపి ఉంచండి, రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి, వేడి ముల్లు సగం దాటకూడదు.

ఇవన్నీ దాటాక, టోకెన్ ఇవ్వక ముందే, ఆ కంపెనీ వర్క్‌షాపులో చూపించి స్కానర్ పెట్టించండి. తప్పుల జాబితా ఖాళీగా ఉంటే చాలదు. మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయా అని అడగండి. పూర్తి కాలేదంటే ఈ మధ్యే ఎవరో జాబితా తుడిచేసి ఉండొచ్చు. క్లచ్ ఎంత మిగిలిందో కూడా అక్కడే అడగండి. అమ్మేవాళ్లు వర్క్‌షాపుకి ఒప్పుకోకపోతే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

కాగితాల సంగతి త్వరగా చెప్తాం. పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద ఆర్సీలో ఉన్న మనిషే సంతకం పెట్టాలి. సంతకం ఎదురుగా పెట్టించుకోండి, ముందే సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు తీసుకోవద్దు. బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 వచ్చి ఆర్సీలోంచి ఆ పేరు తీసేశాకే మిగతా డబ్బు. ఆర్సీ ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకి మారాలి. ఆ పని అయ్యేదాకా కొనకండి. బండి చేతికి వచ్చిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, అంతకు ముందరి చలాన్లు అమ్మినవాళ్లవి. పేరు మార్పు 30 రోజుల్లో పెట్టాలి, ఇన్సూరెన్స్ మాత్రం 14 రోజుల్లోనే మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. మీ నాన్నగారి పాత ఆల్టో మీద ఉన్న బోనస్ ఆయనదే. దాన్ని అమ్మినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త బండి పాలసీలో వాడుకోవచ్చు, ఇది చాలామంది వదులుకుంటారు. పాత యజమాని ఫాస్టాగ్ పీకేసి మీ పేరున కొత్తది వేయించండి. అలాగే నాన్నగారి లైసెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి. 55 దాటాక ఐదేళ్లకోసారి రెన్యూవల్, దానికి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు.

ఐదు లక్షలూ బండికే పెట్టేయకండి. 40 వేలు పక్కన ఉంచుకోండి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైపర్లు మార్పించాలి, పాతవాళ్లు ఎప్పుడు మార్చారన్నది లెక్కలోకి తీసుకోకుండా. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, 2023 ఏప్రిల్‌కి ముందు బళ్లు దానికోసం తయారైనవి కావు. మైలేజీ కొంచెం తగ్గుతుంది. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసులో చూపించుకుంటూ ఉండండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లలో కొందరిని రాత్రి ఎదుటి లైట్లు ఇబ్బంది పెడతాయి. ముందు అద్దం మీద వైపర్ గీతలు ఉంటే ఆ వెలుగు ఇంకా చెదురుతుంది, అలాంటి అద్దం మార్చేయించండి. పసుపు పట్టిన హెడ్‌లైట్లు పాలిష్ చేయించండి. అద్దాలకి నల్ల ఫిల్మ్ ఉంటే పీకించండి. 2012లోనే సుప్రీంకోర్టు దాన్ని వద్దంది, అంతకంటే ముఖ్యం, చీకట్లో ఆయనకి పక్కనున్న సైకిల్ కనబడదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఆయన ఎడమ కాలి మీద. పాతికేళ్లు క్లచ్ తొక్కిన కాలు, కంగారు వచ్చినప్పుడు అలవాటుగా కిందకి దిగి అక్కడున్న బ్రేక్‌ని క్లచ్ అనుకుని గట్టిగా తొక్కుతుంది. అంతకంటే ప్రమాదం కుడి కాలిది. పార్కింగ్‌లో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ మీద పెడితే, బండి ఆగట్లేదని ఇంకా గట్టిగా తొక్కుతారు. ఆటోమేటిక్‌కి మారిన పెద్దవాళ్లకి జరిగే ప్రమాదాల్లో ఇది తరచూ కనిపించేది. అందుకని మొదటి పది రోజులు రోజుకో అరగంట స్కూలు గ్రౌండులోనో కళ్లంలోనో. ఎడమ కాలు పక్కన పాదం పెట్టే పలక మీద పెట్టి కదపకూడదు. కుడి మడమ బ్రేక్ ఎదురుగా నేల మీద ఆనించి, వేళ్లు మాత్రం యాక్సిలరేటర్ వైపు తిప్పాలి. గేటు ముందు, ఇరుకు జాగాలో యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా బ్రేక్ వదిలి పట్టుకుంటూనే కదిలించాలి. మీరు పక్కన కూర్చుని ఉన్నట్టుండి ఆపండి అనండి, ఏ కాలు కదిలిందో చూడండి. పది రోజులూ ఎడమ కాలు కదలకుండా ఉంటేనే హైవే. హవాయి చెప్పులతో నడపనివ్వకండి, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. కొక్కెం లేని కాళ్లపట్టా పెడల్ కిందకి జారుతుంది, తీసేయండి.

ఏఎంటీ వ్యాగన్ ఆర్‌లో పీ (పార్కింగ్) అన్న స్థానం ఉండదు. ఆపాక హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, ఎత్తు వైపు ముఖమైతే డీలో, పల్లం వైపైతే ఆర్‌లో (రివర్స్) ఉంచి ఇంజిన్ ఆపాలి. అప్పుడు గేరు పట్టుకుని ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా డీలో ఉంచి, గేటు తియ్యడానికని దిగకూడదు. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించి వెళ్లండి. రెండో తాళం చెవి కన్సల్టెన్సీ దగ్గర అడిగి తీసుకుని అమ్మగారి చేతికివ్వండి.